కొల్లూరు పడవ, యడ్లపల్లి ట్యాబు

నేను పనిచేసే కాలేజీవారు పోయిన వేసవిలో నన్ను పిలిచి, మొబైల్ ఫోన్ల ద్వారా కార్మికులకు చదువు చెప్పే పథకానికి ఒక ముసాయిదా రాసిపెట్టమన్నారు. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి, నాలుగు వాక్యాలు కుదురుగా రాస్తానని కాబోలు. రాశాను. 14 పేజీలు వచ్చింది. చదివినవాళ్లందరూ మెచ్చుకున్నారు. అది తప్పుడు ముసాయిదా. ఆ తప్పు నేనొక్కణ్ణే చేసింది కాదు. ఇలాంటి పథకాలు రాసేవాళ్లం, మంజూరు చేసేవాళ్లం, చప్పట్లు కొట్టేవాళ్లం అందరం కలిసి చేస్తున్నది. మెచ్చుకున్నవాళ్లలో మన సంఘం మిత్రులు కూడా వున్నారు కాబట్టి ఇంట్లో గొణిగి వూరుకోకుండా ఈ పత్రికలోనే చెప్పవలసివస్తున్నది.

నేనుండే భవానీపురం గురించి ఎరగని పాఠకులకు రెండు మాటలు. బెజవాడకు పడమటి కొసన, ప్రకాశం బ్యారేజికి ఎగువన, కృష్ణ ఒడ్డున వున్న పేట ఇది. ఒక పక్క పున్నమి ఘాటు, ఎదురుగా నదిలో భవానీ ద్వీపం. ఆదివారాలు సంసారులు పిల్లల్ని తీసుకుని పడవలెక్కి షికారు పోతారు. మరో పక్క ఐరన్ యార్డు, వరసలు కట్టిన లారీలు, ఆపైన గొల్లపూడిలో హోల్‌సేలు మార్కెట్టు. ఇనుపచువ్వలు దించే ముఠా కార్మికులు, బస్తాలు మోసేవాళ్లు, లారీ క్లీనర్లు, అపార్టుమెంట్లలో అంట్లు తోమి బట్టలుతికే ఆడవాళ్లు ఈ పేటలో వేలమంది. ఘాటు ఫోటోల్లో వాళ్లు పడరు.

వాళ్లలో 1,000 మందికి ఆరు నెలల్లో అక్షరజ్ఞానం కలిగిస్తామని నా ముసాయిదా చెప్పింది. ప్రతివాళ్ల ఫోనులోనూ ఒక యాప్. రోజుకు అయిదు నిమిషాల పాఠం. ఎవరు ఎన్ని పాఠాలు తెరిచారో కాలేజీలో కూర్చుని లెక్క తీయవచ్చు. నెలకొక గ్రాఫు గీసి, తనిఖీ సంఘం వచ్చిననాడు గోడకు తగిలించవచ్చు. చదువుకునే మనిషిని నేను 14 పేజీల్లోనూ ‘లబ్ధిదారు’ అనే రాశాను. ఈ మాటను ఏ మహానుభావుడు పుట్టించాడో గాని, మనిషిని ఎదురుగా చూడకుండానే అతన్ని గురించి ఎన్ని పేజీలైనా రాసే సౌకర్యం దానివల్ల కలిగింది.

చూడకుండా రాశానని తెలిసింది ముసాయిదా పూర్తయిన తర్వాతనే. ఒకరోజు సాయంత్రం నా విద్యార్థి ఒకతన్ని వెంటబెట్టుకుని యార్డుకు వెళ్లాను. లోడు దించి, టీకొట్టు బల్లమీద కూర్చున్న ఒక ముఠా కార్మికుడికి మొదటి పాఠం చూపించాం. యాభై దాటిన మనిషి. తెరమీద రంగురంగుల మామిడిపండు వచ్చింది, ఒక ఆడగొంతు ‘మ’ అన్నది. ఆయన చివరిదాకా మర్యాదగా చూశాడు.

“మా మనవరాలికి బాగుంటుంది మాస్టారూ” అన్నాడు. తర్వాత చొక్కాజేబులోంచి మడతపెట్టిన కాయితం ఒకటి తీశాడు. “ఇది చదవటం వస్తుందా ఇందులో?”

అది కాటా చీటీ. లోడుతో లారీ బరువు, ఖాళీ లారీ బరువు, రెంటికీ తేడా, మూడూ ఇంగ్లీషు అక్షరాల పక్కన అంకెల్లో వుంటాయి. దించే కూలి టన్నుల లెక్కన. “మేస్త్రి ఎన్ని టన్నులంటే అన్ని టన్నులు. పాతికేళ్లుగా అంతే. మోసం చేస్తున్నాడని నేను అనను. కాని చూసుకోవాలని వుంటుంది గదా?”

ఇందులో అది లేదు బాబాయ్ అన్నాను.

“మరి నాకిది కావాలని మీ ఫోనుకి ఎట్టా చెప్పాలి?”

నా విద్యార్థి యాప్ అంతా వెతికాడు. పాఠం ఎట్లా వున్నదో చెప్పటానికి అయిదు నక్షత్రాలు వున్నాయి, ఎన్ని కావాలంటే అన్ని నొక్కవచ్చు. ఇంకేమీ లేదు. నా 14 పేజీల్లోనూ లేదు. పాఠం పైనుంచి కిందికి దిగటానికి సవివరంగా దారి వేశాను. కిందినుంచి ఒక్క మాట పైకి రావటానికి సందు వదలలేదు. వదలాలని తోచనుకూడా లేదు.

నాకు తోచకపోవటానికి సాకు లేదు, ఎందుకంటే ఇదివరకొకసారి ఇదే పాఠం నేర్చుకున్నాను. 2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డప్పుడు నేను కూడా అందరిలాగే ఫోను ఎదురుగా కూర్చుని పాఠాలు చెప్పి పంపాను. విననివాళ్లకు గైరుహాజరు వేశాను. ఒక విద్యార్థినికి వరసగా వేశాను. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఆ వేసవిలో ఆటో నడవలేదు, ఇంట్లో వున్న ఒక్క మంచి ఫోనూ అమ్మేశారు. కాలేజీ తెరిచాక ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం తెచ్చి నా బల్లమీద పెట్టింది. సాయంత్రాలు స్నేహితురాలి ఇంటి అరుగుమీద కూర్చుని నా పాఠాలన్నీ ఎత్తిరాసుకున్నది. మార్జిన్లో పెన్సిలుతో ప్రశ్నలు. కన్యాశుల్కం పాఠం పక్కన, “బుచ్చమ్మ పూనా వెళ్లాక నిజంగా చదువుకున్నదా సార్?” అని రాసివున్నది. గురజాడ ఆ పిల్లను పూనా వితంతు శరణాలయానికి పంపించి నాటకం ముగించాడు. ఆ తర్వాత ఆమె ఏమైందని ఇన్నేళ్లలో నేనూ అడగలేదు, నాకు చెప్పిన గురువులూ అడగలేదు. అడిగిన పిల్లకు నా హాజరు పుస్తకంలో సున్న. పాఠాలు విని, ఏమీ అడగనివాళ్లకు నూటికి నూరు.

ఇక నా మాట పక్కన పెట్టి నదిని చూద్దాం. మా గట్టున నిలబడితే దిగువన బ్యారేజి కనిపిస్తుంది. ఆవలి ఒడ్డున సీతానగరం. అక్కణ్ణించే పడమటి డెల్టాకు నీళ్లు పోతాయి. ఈ నీళ్లమీద సంచార విద్యకు వున్న చరిత్ర, ఇవాళ మొబైల్ పథకాలు రాసేవాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లు దాన్ని వార్షికోత్సవ ఉపన్యాసాలకు మాత్రం వాడుకుంటారు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు లేవదీసిన ఆ ఉద్యమం రెండు దశాబ్దాల్లో పల్లెపల్లెకూ పాకింది. అయినా గ్రంథాలయం వున్న ఊరికి రాలేనివాడి సంగతేమిటన్న ప్రశ్న మిగిలింది. మన్నార్గుడి ప్రాంతంలో 1931లో ఎడ్లబండిమీద పుస్తకాలు తిప్పారు. మన దగ్గర రోడ్లు లేవు, కాల్వలున్నాయి. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు నుంచి పెనుమూడి దాకా పడవమీద గ్రంథాలయం నడిపించాడు. అంతకు 16 ఏళ్ల ముందు, 1919 వేసవిలో, అంతర్యుద్ధం నడుస్తుండగానే వోల్గా, కామా నదులమీద ‘ఎర్రనక్షత్రం’ అనే స్టీమరు పుస్తకాలతో, సినిమా యంత్రంతో తిరిగింది; అందులో క్రూప్స్‌కయా వున్నది, రేవురేవునా దిగి జనంతో మాట్లాడింది. కొల్లూరు పడవకు అంత ఆర్భాటం లేదు. కాని ఆ రెంటికీ ఒక సామ్యం వున్నది. రెంటిలోనూ పుస్తకాలతోబాటు ఒక మనిషి కూర్చున్నాడు. పడవ రేవులో ఆగుతుంది. పుస్తకం తిరిగి ఇచ్చేవాడు వస్తాడు, అర్థం కాలేదంటాడు, బాగున్నదంటాడు, ఇలాంటిది ఇంకొకటి తెమ్మంటాడు. ఆ మాట వినకపోతే మళ్లీసారి రేవులో ఎవరూ రారు. పుస్తకాలు తెచ్చే పడవ అడిగిన మాటను కూడా మోసుకుపోక తప్పదు.

ఇక్కడ మన గ్రంథాలయోద్యమ భక్తులు నాకు దండ వెయ్యబోతారేమో, ఆగమంటున్నాను. ఆ కాలంలో మన కాల్వలమీద పడవలు తమంతట తాము నడవలేదు. గాలి లేనప్పుడు కూలీలు భుజాన తాడు వేసుకుని గట్టుమీద నడుస్తూ లాగేవారు. పుస్తకాల పడవ లాగినా అంతే, ధాన్యం పడవ లాగినా అంతే. ఆ లాగిన మనిషికి పడవలో వున్న పుస్తకం చదవటం వచ్చా? వచ్చి అడిగితే గట్టుమీది పెద్దమనుషులు చేతికి ఇవ్వనిచ్చేవారా? ఆ ఉద్యమం మనకు గర్వకారణమే, కాని దాని చరిత్ర రాసినవాళ్లు పడవలో కూర్చున్నవాళ్ల పేర్లు రాసి తాడు పట్టినవాళ్ల పేర్లు రాయలేదు. ఈ ప్రశ్న ఇవాళ్టి ఫోను చదువుకు కూడా వర్తిస్తుంది. డేటా ఖర్చు ఎవరి జేబులోంచి పోతున్నది? రాత్రి పదింటికి పని ముగించి వచ్చిన మనిషి నిద్రలోంచి ఆ అయిదు నిమిషాలూ ఎవరు కోసుకుంటున్నారు? తాడు ఇప్పుడు కంటికి కనపడదు, అంతే తేడా.

కొల్లూరు ఇవాళ వేమూరు నియోజకవర్గంలో వున్నది. అదే నియోజకవర్గంలో, చుండూరు మండలంలో యడ్లపల్లి అనే ఊరున్నది. 2022 డిసెంబరు 21న ముఖ్యమంత్రి ఆ ఊరి బడికి వచ్చి, ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచే కార్యక్రమాన్ని ప్రారంభించాడు. రాష్ట్రం మొత్తంమీద విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి 5,18,740 ట్యాబులు. ఖర్చు 686 కోట్ల రూపాయలని ప్రభుత్వమే చెప్పింది. అంటే ఒక్కొక్కటి 13 వేల పైచిలుకు. అందులోని పాఠాలు బైజూస్ అనే బెంగుళూరు కంపెనీవి. ఆ ఏడాది జూన్‌లో ఆ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. పాఠాలు ఉచితంగా ఇస్తున్నారని వ్యాపారి ఔదార్యాన్ని పొగిడారు. మరుసటి ఏడాది అదే తేదీన చింతపల్లిలో ఇంకొక విడత పంచారు. 2024లో ప్రభుత్వం మారింది. అదే ఏడాది జూలైలో, క్రికెట్ బోర్డు బాకీ వ్యవహారంలో, ఆ కంపెనీని దివాళా ప్రక్రియలోకి తీసుకుంటూ ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇచ్చింది. రెండేళ్లకు ముందు లక్షన్నర కోట్ల రూపాయలకు మించిన విలువ వున్నదని లోకం కీర్తించిన కంపెనీ!

దీన్ని చూపించి ప్రతిపక్షంవాళ్లు నవ్వారు, పాలకపక్షంవాళ్లు ఉడుక్కున్నారు. నా అభియోగం రెండుపక్షాలకూ సరిపడదు. పేదపిల్లల చేతికి ట్యాబు ఇవ్వటం నేరమని నేను అనను. షావుకారు కొడుకు చేతిలో వుంటే విజ్ఞానం, పాలేరు కొడుకు చేతిలో వుంటే దుర్వినియోగం అనే నీతిని ఈ పత్రిక చదివేవాళ్లకు ఖండించి చెప్పవలసిన పని లేదు. నేను అడిగేది వేరు. యడ్లపల్లి పిల్ల ఆ ట్యాబులో పాఠం చూసి, ఇది నాకు అర్థం కాలేదు అని ఎవరితో చెప్పాలి? ఆ పాఠంలో కనిపించే ఇల్లు మా పేటలో ఎవరికీ లేదు, మా ఇంటి లెక్క చెప్పమని ఎవర్ని అడగాలి? పాఠం తయారైంది ఎక్కడో, ఎవరి పిల్లల్ని దృష్టిలో పెట్టుకునో. 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపింది ఇదే చుండూరులో. సినిమాహాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు పెద్దకులంవాడికి తగలటంతో మొదలైన గొడవ అది. అలాంటి నేలమీద చదువు అంటే ఏమిటో, చదువుకున్నవాడికి ఏం జరుగుతుందో, ఆ మండలం పిల్లకు తెలిసినంత పాఠం చెప్పే కంపెనీకి తెలియదు. పిల్ల చెబుతుంది, కాని వినేందుకు అవతల ఎవరూ లేరు.

ఈ జబ్బు ట్యాబుతో పుట్టలేదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు మన దేశంలో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ పాఠాలు ప్రసారం చేశారు. ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సాంకేతికంగా గొప్ప ప్రయోగం, కాదనను. దేశమంతా నోరు మూయించిన అత్యవసర పరిస్థితిలో, పల్లెల్లో మాట్లాడే పెట్టెలు పెట్టారు. ఉపగ్రహం అమెరికావాళ్లది, గడువు తీరగానే పక్కకు జరుపుకుపోయారు. అరువు పరికరంమీద కట్టిన చదువుకు గడువు వేరేవాళ్లు నిర్ణయిస్తారని అప్పుడే తెలియవలసింది.

దానికి 20 ఏళ్ల ముందు ఇంతకంటె చవకైన పరికరంతో ఇంతకంటె తెలివైన పని జరిగింది. 1956లో పూనా రేడియో కేంద్రం నుంచి 150 దాకా గ్రామాల్లో రైతు శ్రవణ సంఘాలు నడిపారు. వారానికి రెండుసార్లు రైతులు ఒకచోట చేరి ప్రసారం వినేవారు, విన్నదానిమీద తర్కించుకునేవారు, వాళ్ల సందేహాలు, అభ్యంతరాలు రేడియోకు తిరిగి వెళ్లేవి, వాటికి రేడియోలోనే జవాబులు వచ్చేవి. రేడియోకు చెవులు వుండవు గదా. మనుషులే దానికి చెవులు కుట్టారు. ఇవాళ్టి ఫోనుకు పుట్టుకతోనే చెవీ నోరూ రెండూ వున్నాయి. అలాంటి పరికరం చేతికి వచ్చాక మనం చేసిన నిర్వాకం ఏమిటంటే, దాని నోరు మాత్రం వుంచి చెవులు కోసి, పాఠాల పెట్టెగా మార్చటం! 1956 నాటి రేడియో కంటె వెనక్కి పోయి, దీనికి ఆధునిక విద్య అని పేరు పెట్టుకున్నాం.

ఎందుకిట్లా జరుగుతున్నది? తెలియక అనుకోవటం అమాయకత్వం. కింది మనిషి నోరు విప్పితే చదువు ఎటు పోతుందో పాలించేవాళ్లకు బాగా తెలుసు, వాళ్లకు ఆ అనుభవం నెల్లూరులో అయింది. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం పెద్దఎత్తున జరిగింది. రాత్రిబడుల్లో కూలి ఆడవాళ్లు అక్షరాలు దిద్దారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం పెట్టారు. సారా ఇల్లు గుల్ల చేసిన కథ. పాఠం చదివి ఆడవాళ్లు ఊరుకోలేదు, ఇది మా కథేనన్నారు, వాదించుకున్నారు, ఊరి సారాకొట్టు ఎందుకుండాలని లేచారు. దూబగుంట పేరు దేశమంతా మోగింది. 1992లో జిల్లాలో సారాపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధించవలసివచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా పోయింది. ఆ నిషేధాన్ని 1997లో ఎవరు ఎందుకు సడలించారన్నది వేరే కథ.

నెల్లూరు బడిలో పరికరాలు పలక, లాంతరు, ఒక వాలంటీరు. అదే సీతమ్మ పాఠం ఒక్కొక్క ఆడమనిషి ఫోనులోకి విడివిడిగా వచ్చి, ఒక్కొక్కతె ఒంటరిగా వింటే ఏమయ్యేది? కళ్లనీళ్లు పెట్టుకుని, ఫోను పక్కన పెట్టి, తాగివచ్చిన మొగుడికి అన్నం పెట్టేది. పక్కన ఇంకొక మనిషి వుండి, ‘మా ఇంట్లోనూ అంతే అక్కా’ అనబట్టి పాఠం కొట్టు ముందుకు నడిచింది. కాబట్టి చదువు ఎవరికి వారికి విడివిడిగా, ఎవరి తీరికలో వారికి, ఎవరి వేగాన వారికి అందించటమే గొప్ప అని కంపెనీలు చేసే ప్రచారాన్ని నేను అనుమానంతో చూస్తాను. వ్యాపారికి విడివిడి మనుషులు కావాలి. కూలి అడిగేవాళ్లు విడివిడిగా వుంటే యజమానికీ సుఖమే.

ఇక మిత్రుల ఆక్షేపణలు. ఒకాయన, ఫోను పెట్టుబడిదారుల పరికరం, దాంతో ప్రజల చదువేమిటి, వదిలెయ్యమన్నాడు. ఈ మాట ఆయన నాకు ఫోనులోనే చెప్పాడు. కృష్ణమీద 1855లో పూర్తయిన ఆనకట్ట కుంఫిణీవాళ్లు మన పల్లెల జ్ఞానాభివృద్ధికి కట్టింది కాదు, శిస్తు కోసం కట్టింది. ఆ కాల్వలమీదనే పుస్తకాల పడవ తేలింది. అచ్చుయంత్రం ఎవరు తెచ్చారు, రైలు ఎందుకు వేశారు? పరికరాన్ని శత్రువుకు వదిలేసి గట్టున కూర్చోవటం విప్లవం కాదు, బద్ధకం.

ఇంకొకాయన ఎదురు పక్షం. దేశంలోకెల్లా గొప్ప ఉపాధ్యాయుడి పాఠం ముఠా కార్మికుడి జేబులోకి ఉచితంగా వస్తుంటే నువ్వు తాడూ తెరచాపా అంటున్నావేమిటని. జేబులోకి అన్నాడు గాని, ఎవరి జేబులోకి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో తాము సొంతంగా వాడుకునే ఫోను వున్నవాళ్లు సగంమంది లోపేనని తేలింది. మా అపార్టుమెంటులో పనిచేసే ఆవిడను అడిగాను. “ఫోను ఆయన జేబులో వుంటుంది సార్. నాకు చేతికొచ్చేది ఆయన నిద్రపోయాక” అన్నది. 1,000 మంది లబ్ధిదారుల్లో సగంమంది ఆడవాళ్లని నా ముసాయిదా అయిదో పేజీలో రాశాను. ఆయన నిద్రపోయాక అనే సంగతి ఏ పేజీలోనూ లేదు.

డబ్బు లేదనే ఆక్షేపణకు జవాబు చెప్పటం దండగ. 686 కోట్లు ఒక్క రోజు ప్రారంభోత్సవంలో కనపడ్డాయి. 1960 నాటి చట్టం కింద మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతూనే వున్నాం. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయాలకు జమ చెయ్యకుండా బకాయిపడటం ఏళ్లతరబడి చూస్తూనే వున్నాం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా పేటలో కొంతభాగం, పక్కన విద్యాధరపురం, అవతల సింగ్‌నగరం మునిగాయి. ఆ మర్నాడు బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు మించి నీళ్లు పోయాయి. నీళ్లు తీశాక నా విద్యార్థి ఇంటికి వెళ్లాను. వాళ్ల తమ్ముడి ట్యాబు తడిసింది, పుస్తకాలూ తడిశాయి. పుస్తకాలు తాడుమీద ఆరేశారు. ట్యాబును బియ్యం డబ్బాలో పెట్టారు, అది మళ్లీ వెలగలేదు. పుస్తకమే గొప్పదని చెప్పటానికి దీన్ని రాయటంలేదు. పాడైతే బాగుచేసే మనిషి ఎవరు, ఆ ఖర్చు ఎవరిది అనే రెండు ప్రశ్నలు ఏ పథకంలోనైనా మొదటి పేజీలో వుండవలె. నా ముసాయిదాలో ‘నిర్వహణ’ అనే మాట చిట్టచివరి పేజీలో, ఒక్క పంక్తిలో వున్నది.

కాటా చీటీ చూసిన తర్వాత నేను రెండో ముసాయిదా రాశాను. ఇది 3 పేజీలు. 1,000 మంది పోయి 60 మంది అయ్యారు. యాప్ తీసేశాను. ఇద్దరు మనుషులకు జీతం పెట్టాను, ఒకరు ముఠా కుటుంబంలోనే పదో తరగతి చదివిన ఆడమనిషి. ముఠావాళ్లకు రాత్రి ఎనిమిదింటికి యార్డులో, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండు పూటల పనికీ మధ్య దొరికే గంటలో. ఫోనుకు చేసే పని వేరు. ఎవరికి ఏం తెలుసుకోవాలనిపించినా బటన్ల ఫోను నుంచైనా మిస్డ్ కాల్ ఇస్తారు, మేం తిరిగి చేసి ప్రశ్న గొంతులోనే పట్టుకుంటాం. పైసా వాళ్లకు పడదు. ఆ ప్రశ్నలే మరుసటి వారం పాఠాలు. కాటా చీటీ, బ్యాంకు నుంచి ఇంగ్లీషులో వచ్చే సందేశం, మందుబిళ్లల అట్ట, రేషను చీటీ. మామిడిపండు వద్దని కాదు, అదీ వస్తుంది, ఎవరైనా అడిగినప్పుడు. ఎన్ని పాఠాలు తెరిచారనే లెక్క వుండదు. ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఎన్నిటికి జవాబు చెప్పలేకపోయాం అనే లెక్క వుంటుంది.

ఈ ముసాయిదాలోనూ ఒక లోపం వున్నది, నాకు తెలుసు. దాన్ని టీకొట్టు దగ్గర ఆ బాబాయే పట్టుకున్నాడు. “చదవటం వచ్చిందనుకోండి మాస్టారూ. చీటీలో ఒక అంకె, మేస్త్రి నోట ఒక అంకె వున్నదనుకోండి. అడిగితే రేపు నాకు లోడు ఉండదు. అప్పుడు మీ ఫోను ఏం చేస్తుంది?” ఫోను ఏమీ చెయ్యదు. కాలేజీ కూడా ఏమీ చెయ్యదు; వ్యాపారులు విరాళాలిచ్చే సంస్థలు ముఠా కార్మికుడి పక్షాన కాటా దగ్గర నిలబడవు. అందువల్ల పాఠం యూనియన్ ఆఫీసులో జరగాలని, అడిగినవాడు ఒక్కడే అడగకుండా ముఠా అంతా కలిసి అడిగేదాకా ఆ పాఠం పూర్తయినట్టు కాదని రాశాను. ఆ వాక్యం రాసేటప్పుడు ఇది మంజూరు కాదని తెలుసు.

కాలేజీ సంఘం మూడు పేజీలూ చదివి, 1,000 మంది ఎక్కడికి పోయారని అడిగింది. యూనియన్ అనే మాట తీసేసి, గ్రాఫులు చేర్చి మళ్లీ ఇమ్మన్నది. ఇవ్వలేదు. మొదటి 14 పేజీలతోనే పథకం ముందుకు పోతుందంటున్నారు. అందులో నా పేరు కొట్టెయ్యమని కాయితం రాసి ఇచ్చాను.

యార్డులో యూనియన్‌వాళ్లు ఆదివారం సాయంత్రం ఒక బల్ల, ఒక దీపం ఇస్తామన్నారు. కాటా చీటీ నా దగ్గరే వున్నది, పెద్ద అక్షరాలతో గోడపటంగా రాయించాను. పోయిన వారం 11 మంది వచ్చారు, ఇద్దరు ఆడవాళ్లు. చీటీ చదివాక ఒకావిడ, ఖాళీ లారీ తూచేటప్పుడు డ్రైవరూ క్లీనరూ అందులో కూర్చుంటారా, దిగుతారా అని అడిగింది. ఆ బరువు ఎవరి లెక్కలో పడుతుందో నాకు తెలియదు. కనుక్కుని చెబుతానన్నాను. గుంటూరులో, ఏలూరులో, రాజమండ్రిలో మిల్లుల దగ్గర, యార్డుల దగ్గర ఇలాంటి పని చేస్తున్న ఉపాధ్యాయ మిత్రులెవరికైనా తెలిస్తే ఈ పత్రికకు రాయవలసిందని కోరుతున్నాను.